యూనిట్ల లెక్కలో ఇంటర్నెట్

1999లో మా నాన్నగారు ఫోను పక్కన ఒక నోటుపుస్తకం పెట్టారు, పాల లెక్క రాసుకునేలాంటిది. నేను ఇంటర్నెట్‌కి కనెక్ట్ అయిన టైము ఒక గడిలో, కట్ చేసిన టైము పక్క గడిలో, చివర ఎన్ని యూనిట్లు పడ్డాయో. లోకల్ కాల్‌కి మూడు నిమిషాలకో యూనిట్. మూడు నిమిషాలు దాటి ఒక్క సెకను గడిచినా రెండో యూనిట్ పడ్డట్టే. అందుకని ఉన్నట్టుండి హాల్లోంచి ఆయన కేక వినపడేది: "ఎనిమిదిన్నర అయిందిరా!" గోడ గడియారంలో అప్పుడు రాత్రి పదకొండు అయివుండొచ్చు. ఆయన చెప్పేది నా కనెక్షన్ వయసు. ఇంకో అరనిమిషంలో మూడో యూనిట్ నిండుతుంది, ఆలోగా తెంపెయ్యమని. బిల్లు రెండు నెలలకోసారి వచ్చేది. అందరూ పడుకున్నాక నేను వాడిన యూనిట్లు పుస్తకంలో ఉండేవి కావు, బిల్లులో మాత్రం ఉండేవి.

డయలప్ గురించి ఎవరు రాసినా మోడెం కూతతోనే మొదలుపెడతారు. ఆ చప్పుడు నాకూ గుర్తే, దాని సంగతి ముందు ముందు చెప్తాను. నా మటుకు ఆ రోజుల కథంతా నాన్నగారి నోటుపుస్తకంలోనే ఉందనిపిస్తుంది. లోకల్ కాల్‌కి నిమిషాల లెక్క ఉందా లేదా అన్న దాన్ని బట్టే ఏ దేశంలో ఎలాంటి కంపెనీలు పుట్టాయో, జనం నెట్‌ని ఎలా వాడుకున్నారో చాలావరకు తేలిపోయింది. ఆ కంపెనీలు మెయిలూ వార్తలూ కబుర్లూ అమ్ముతున్నామని ప్రకటనలు ఇచ్చుకున్నాయి. లెక్క కట్టి వసూలు చేసింది మాత్రం సమయానికి.

అసలు ఈ వ్యాపారం పుట్టిందే మిగిలిపోయిన సమయంలోంచి. అమెరికాలో ఒహాయో రాష్ట్రం కొలంబస్ నగరంలో 1969లో ఒక జీవిత బీమా కంపెనీకి అనుబంధంగా కంప్యూసర్వ్ మొదలైంది. పగలు ఆఫీసులకు కంప్యూటర్ సమయం అద్దెకివ్వడం దాని పని. చీకటి పడితే ఆ పెద్ద పెద్ద మిషన్లకు పనుండదు, ఖర్చు మాత్రం ఆగదు. 1979లో ఆ ఖాళీ రాత్రుల్ని, ఇళ్లలో చిన్న కంప్యూటర్లు కొనుక్కున్న వాళ్లకు గంటల చొప్పున అమ్మడం మొదలుపెట్టారు. పగలు వడ్లు పట్టే మిల్లుని రాత్రి పిండి పట్టడానికి తిప్పినట్టు. 1985లో జనరల్ ఎలక్ట్రిక్ వాళ్లు తెచ్చిన జీనీ కూడా ఇదే లెక్క మీద నడిచింది. అందుకే ఈ సర్వీసులకు రెండు రేట్లుండేవి. సాయంత్రం దాటితే గంటకు ఐదారు డాలర్లు, పగలైతే అంతకంటే బాగా ఎక్కువ. మోడెం వేగం పెరిగితే గంట రేటూ పెంచేవాళ్లు. త్వరగా పని ముగించుకుని పోయేవాడి దగ్గర కూడా రావలసింది రాబట్టుకోవాలి కదా!

కంప్యూసర్వ్‌లో ఖాతాదారుడి పేరంటే ఒక నంబరే, మధ్యలో కామా. ఆ నంబర్లలో ఎక్కడా 8 గానీ 9 గానీ కనపడవు. లోపల నడిచే పీడీపీ-10 మిషన్లు సున్నా నుంచి ఏడు వరకే అంకెలుండే లెక్కలో పనిచేసేవి మరి. మిషన్‌కి తగ్గట్టు మనిషే సర్దుకోవాల్సిన రోజులవి. 1980లో అక్కడే సీబీ సిమ్యులేటర్ అని ఒకటి పెట్టారు. లారీ డ్రైవర్లు రేడియోలో మాట్లాడుకున్నట్టు నలుగురూ ఒకేసారి టైపు చేసుకుంటూ కబుర్లాడుకునే చోటు. గంటలు ఇట్టే కరిగిపోయేవి, కంపెనీకి అంతకంటే కావలసిందేముంది? 1987లో పుట్టిన గిఫ్ బొమ్మ కూడా కంప్యూసర్వ్ సంతానమే. నత్తనడక లైన్ల మీద రంగుల బొమ్మ తక్కువ సైజులో రావాలని చేసిన ఏర్పాటు అది. ఇప్పుడు వాట్సాప్‌లో గులాబీలు విచ్చుకునే గుడ్‌మార్నింగ్ బొమ్మలకు పెద్దతాత అన్నమాట.

మరి ఎక్కడో కొలంబస్‌లో ఉన్న మిషన్‌కి కాలిఫోర్నియా నుంచి ట్రంక్ కాల్ చేస్తే ఇల్లు గుల్లయిపోదూ? అందుకు టెలినెట్, టిమ్‌నెట్ అనే డేటా నెట్‌వర్కులు ఉండేవి. ఊరూరా వాటికో లోకల్ నంబరు. జనం ఆ నంబరుకి చేస్తే, అక్కడినుంచి డేటాని కొలంబస్‌కి చేరవేయడం వాటి బాధ్యత. అమెరికాలో చాలా ఊళ్లలో ఇళ్ల ఫోన్లకు లోకల్ కాల్‌కి నిమిషాల లెక్క లేదు. నెలకింత అని కట్టేస్తే ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు. ఈ ఒక్క వెసులుబాటు లేకపోతే అక్కడ డయలప్ అంతగా పెరిగేది కాదు. ఆన్‌లైన్ సర్వీసుల మీద నిమిషానికింత అని లోకల్ ఫోన్ కంపెనీలకు చెల్లింపులు పెట్టాలని 1987లో అక్కడి ప్రభుత్వ కమిషన్ ఎఫ్‌సీసీ ప్రతిపాదించింది. ఉత్తరాలు వెల్లువెత్తాయి. మరుసటి ఏడాది ప్రతిపాదన అటకెక్కింది. దాని దెయ్యం మాత్రం చాలాకాలం వదల్లేదు. "మోడెం పన్ను వస్తోంది, వెంటనే రాయండి" అనే పుకారు ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంది. వాట్సాప్ రాకముందే ఫార్వర్డ్ మెసేజీలు ఉన్నాయని చెప్పడానికి ఇదొక సాక్ష్యం.

ఐబీఎం, సియర్స్ కలిసి 1988లో మొదలుపెట్టిన ప్రాడిజీ వేరే దారి పట్టింది. గంటల లెక్క తీసేసి నెలకింత అంది. జనం తెరమీద ప్రకటనలు చూసి సరుకులు కొంటారు, లాభం అందులో వస్తుందని ఊహ. జనమేమో సరుకులు వదిలేసి ఒకరికొకరు మెయిళ్లు రాసుకోవడంలో పడ్డారు. చేసేది లేక నెలకు ముప్పై మెయిళ్లు దాటితే ఒక్కోదానికి పావు డాలరని పెట్టారు, పెద్ద గొడవే అయింది. ఆన్‌లైన్ కంపెనీలు దుకాణం తెరవడం, జనం దాని అరుగు మీద కూచుని కబుర్లు చెప్పుకోవడం అప్పటినుంచీ ఉన్నదే.

ఇవన్నీ ఎవరి కోట వాళ్లు కట్టుకున్న సర్వీసులు. కోట బయటి ఇంటర్నెట్‌కి నేరుగా దారి చూపిన మొదటి డయలప్ వ్యాపారం 1989లో మసాచుసెట్స్‌లో బారీ షైన్ పెట్టిన ద వరల్డ్. అప్పటికి ఇంటర్నెట్ ప్రధాన దారి అమెరికా జాతీయ సైన్స్ ఫౌండేషన్ ఖర్చుతో నడుస్తోంది, దానిమీద వ్యాపారం కూడదని నిబంధన. 1995 ఏప్రిల్ 30న ఆ ప్రభుత్వ దారిని మూసేసి ప్రైవేటు నెట్‌వర్కులకు వదిలేశాక కోటలకు గోడలుండీ లేనట్టే అయింది. వాటిలో కాస్త తెలివిగా తలుపులు తెరుచుకుని బతికింది అమెరికా ఆన్‌లైన్, అంటే ఏఓఎల్.

ఏఓఎల్ దగ్గర కాసేపు ఆగాలి, ప్రొవైడర్ అనేవాడి గుట్టంతా అక్కడ బయటపడింది కాబట్టి. డయలప్ ప్రొవైడర్ ఆస్తి అంటే, ఒక గదిలో వరసగా పేర్చిన మోడెంలూ వాటికి తగిలించిన ఫోన్ లైన్లే. పదిమంది ఖాతాదారులకు ఒక మోడెం ఉంటే చాలని అంచనా. పదిమందీ ఒకేసారి రారని నమ్మకం. మన బ్యాంకులు నడిచేదీ ఈ నమ్మకం మీదే. గంటకింత అని మీటరు తిరుగుతున్నన్నాళ్లూ జనమే లైను పెట్టేసి వెళ్లిపోయేవాళ్లు. 1996 డిసెంబరులో ఏఓఎల్ ఆ మీటరు తీసేసింది. అంతకుముందు నెలకు ఐదు గంటలకు 9.95 డాలర్లు, ఆపైన గంటకు 2.95. ఇప్పుడు 19.95 కడితే నెలంతా అపరిమితం. దాంతో ఒకసారి లైను దొరికినవాడు వదిలితే ఒట్టు. బాత్‌రూమ్‌కి వెళ్లినా, భోజనానికి వెళ్లినా కనెక్షన్ అలాగే. మిగతావాళ్లకు ఎప్పుడు చేసినా ఎంగేజ్. వారాల తరబడి ఈ గోల నడిచింది. రాష్ట్రాల అటార్నీ జనరళ్లు జోక్యం చేసుకుంటే చివరికి డబ్బు వాపసిచ్చే ఒప్పందాలు చేసుకోవాల్సి వచ్చింది. తమాషా ఏమిటంటే, ఇంత తిట్టుకుంటూనే జనం చేరుతూ పోయారు. 2002 నాటికి అమెరికాలో రెండు కోట్ల అరవై లక్షల పైచిలుకు ఖాతాలు. ఆ కంపెనీ తన డయలప్ సర్వీసుని పూర్తిగా ఆపింది మొన్న 2025 సెప్టెంబరు 30న. అప్పటిదాకా నడుస్తోందా అని నాలాగే చాలామంది ఆశ్చర్యపోయి ఉంటారు.

మీటరు ఉన్న దేశాల్లో బుర్రలు ఇంకోరకంగా పనిచేశాయి. ఫ్రాన్స్‌లో ఫోన్ శాఖే 1982లో మినిటెల్ అనే చిన్న తెర పెట్టెలు ఇళ్లకు ఊరికే పంచింది, అచ్చేసిన టెలిఫోన్ డైరెక్టరీకి బదులుగా. 3615 కొట్టి రైలు టికెట్టు చూసుకోవచ్చు, జాతకం చెప్పించుకోవచ్చు, రాత్రిపూట కొంటె కబుర్లు కూడా ఆడుకోవచ్చు. వాడిన నిమిషాల డబ్బు ఫోన్ బిల్లులోనే వచ్చేది. శాఖ తన వాటా ఉంచుకుని మిగతాది సర్వీసు నడిపేవాడికి ఇచ్చేది. చిల్లర వసూలు చేసే బాధ లేకపోవడంతో వేల సర్వీసులు పుట్టాయి. 2012 జూన్ 30 దాకా అది బతికే ఉంది. బ్రిటన్‌లో 1998లో డిక్సన్స్ అనే ఎలక్ట్రానిక్స్ దుకాణాల వాళ్లు ఫ్రీసర్వ్ అని పెట్టి, చందా అక్కర్లేదు పొమ్మన్నారు. లోకల్ కాల్ ఖర్చు ఎలాగూ జనం కడతారు, ఆ కాల్ డబ్బులో తమకు వాటా వస్తుంది. ఏడాది తిరక్కుండా ఆ దేశంలో అతిపెద్ద ప్రొవైడర్ అదే. ఇల్లు ఊరికే ఇచ్చి నీళ్ల బిల్లులో కమీషన్ తీసుకోవడమన్నమాట!

ఇక ఆ కూత. పశువుల సంతలో దళారులిద్దరూ తువ్వాలు కింద చేతులు పెట్టి వేళ్లతో బేరమాడుకుంటారు చూశారూ? మోడెంలు చేసేదీ అలాంటి బేరమే, కాకపోతే గట్టిగా అరుస్తూ. అవతలి మోడెం ఎత్తగానే 2100 హెర్ట్జ్ దగ్గర సన్నగా ఒక స్వరం పాడుతుంది. మనుషుల మాటల్లో ప్రతిధ్వని రాకుండా ఎక్స్ఛేంజిలో ఉండే పరికరాలను కాసేపు పక్కకు తప్పుకోమనడం అది. తర్వాత రెండూ లైనుని గిచ్చి చూసుకుంటాయి: ఏ స్వరం బాగా వినపడుతోంది, ఏది మునిగిపోతోంది, ఎంత వేగం తట్టుకోగలం? "33.6?" "వద్దులే, లైనులో గరగర." "28.8?" "సరే, ఖాయం." ఆఖర్న వచ్చే ఆ హోరు, రెండూ పూర్తి వేగంతో మాట్లాడుకోవడానికి చేసే సాధన. బేరం కుదరగానే స్పీకరు నోరు మూసుకునేది. వర్షాకాలంలో మా లైను బేరం ఎప్పుడూ తక్కువకే తెగేది. ఫోను తీగ సుమారు 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకే మోయడానికి పెట్టింది. అందులోంచి ఇంత పిండుకోవడమే గొప్ప. 1997లో వచ్చిన 56కె మోడెం పేరుకే 56. అది కూడా దిగుమతి వైపే. ఎగుమతికి 33.6 దాటదు. ప్రొవైడర్ వైపు లైను పూర్తిగా డిజిటల్ అయి, మన ఇంటి తీగ చక్కగా ఉంటేనే ఆ మాత్రమైనా. ఇంత బేరమూ తెగి మెయిల్ తెరుచుకుంటుండగా వంటింట్లోంచి అమ్మ వచ్చి ఎక్స్‌టెన్షన్ ఫోను ఎత్తేది. అంతే సంగతులు.

మన దేశానికి వద్దాం. ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ లాంటి చోట్ల 1986 నుంచి ఎర్నెట్ అనే విద్యా నెట్‌వర్కు ఉన్నా, మామూలు మనిషికి ఇంటర్నెట్ అందింది 1995 ఆగస్టు 15న. విదేశ్ సంచార్ నిగమ్, అంటే వీఎస్ఎన్ఎల్, బి.కె. సింఘాల్ సారథ్యంలో నాలుగు మహానగరాల్లో మొదలుపెట్టింది. 250 గంటల పూర్తి కనెక్షన్ ఖరీదు వేల రూపాయలు, వేగం 9.6 కిలోబిట్లు. విద్యార్థులకు చవగ్గా అక్షరాలు మాత్రమే కనపడే షెల్ ఖాతా ఇచ్చేవారు. బొమ్మలుండవు. నల్లటి తెర మీద పైన్ అనే ప్రోగ్రాంలో మెయిలు, లింక్స్‌లో వెబ్ పేజీల అక్షరాలు. మన కుర్రాళ్లు ఊరుకుంటారా? స్లర్ప్ అనే చిన్న ప్రోగ్రాంని ఆ ఖాతాలో నడిపించి, దాన్ని పూర్తి కనెక్షన్‌లా నమ్మించి, చవక ఖాతాలోనే బొమ్మలు చూసేశారు. ఆ కిటుకు హాస్టల్ గదుల్లో సిగరెట్ కంటే గుట్టుగా చేతులు మారేది.

ఇక్కడ మీటర్లు రెండు. వీఎస్ఎన్ఎల్ దగ్గర కొన్న గంటలు ఒక పక్క తరుగుతుంటే, ఇంటి ఫోను యూనిట్లు ఇంకో పక్క పెరుగుతుంటాయి. కనెక్ట్ కావడానికి లోకల్ నంబరు లేని ఊళ్లవాళ్లు పక్క నగరానికి ఎస్‌టీడీ చేసుకోవాలి, ఆ బిల్లు చెప్పుకోకపోవడమే మంచిది. అందుకని మెయిళ్లన్నీ ముందే ఆఫ్‌లైన్‌లో రాసి పెట్టుకుని, కనెక్ట్ అయి, పంపి, వచ్చినవి దింపుకుని, మూడో నిమిషం లోపల తెంపేసి, తీరుబడిగా చదువుకునేవాళ్లం. 33.6 దగ్గర ఒక మెగాబైట్ దిగడానికి నాలుగైదు నిమిషాలు, అంటే రెండు యూనిట్లు. ఒక సినిమా పాటకి ఏడెనిమిది. పాటకన్నా క్యాసెట్టే చవక.

1998 నవంబరులో ప్రైవేటు ప్రొవైడర్లకు తలుపులు తెరిచారు. దేశమంతటికీ ఒక రకం లైసెన్సు, రాష్ట్రానికి ఒక రకం, జిల్లా స్థాయికి ఇంకోటి. మొదటి ఐదేళ్లూ ఫీజు లేదు. ముందుగా దిగింది మన హైదరాబాదు సత్యం కంప్యూటర్స్ బిడ్డ సత్యం ఇన్ఫోవే. ఆర్. రామరాజ్ నడిపిన ఆ కంపెనీ చెన్నైలో కాపురం పెట్టి, 1999 అక్టోబరులో అమెరికా నాస్‌డాక్‌లో లిస్టయి, మరుసటి నెలలోనే ఇండియావరల్డ్ అనే వెబ్‌సైట్ల గుంపుని 499 కోట్లకు కొంటానని ప్రకటించి అందర్నీ నోరెళ్లబెట్టించింది. ఇంటర్నెట్ గంటలు కిరాణా సరుకులా డబ్బాలో అమ్మడం మొదలైంది ఆ రోజుల్లోనే: సీడీ, లోపల యూజర్ పేరు, పాస్‌వర్డు. పేరెందుకుగానీ ఒక కంపెనీ ప్యాకు నేనూ కొన్నాను. రాత్రి తొమ్మిది తర్వాత ఆ నంబరు దొరకడం తిరుపతిలో మొదటి గడప దర్శనంలాంటిది. గంటలు సగం ఉండగానే గడువు అయిపోయింది. వాళ్లకు ఉత్తరం రాశాను. "మా సర్వీసు వాడినందుకు ధన్యవాదాలు" అని జవాబు వచ్చింది.

ఇంటి మీటరుకి మన వాళ్లు కనిపెట్టిన అసలైన విరుగుడు నెట్ సెంటర్. విధానాల మీద రాసేవాళ్లు దీన్ని ఒక వాక్యంలో తేల్చేస్తారు, నా లెక్కలో అది తప్పు. మా వీధి చివర సెంటర్లో ఆరు కంప్యూటర్లు, ఒకటే ఫోన్ లైను, ఒకటే మోడెం. విన్‌గేట్ లాంటి సాఫ్ట్‌వేరు పెట్టి ఆ ఒక్క కనెక్షన్‌ని ఆరుగురికీ పంచేవాడు. షేర్ ఆటో పద్ధతి. ఒకడు పాట దింపుకోవడం మొదలుపెడితే మిగతా ఐదుగురూ తెరమీద ఇసుక గడియారం గుర్తు చూస్తూ కూర్చోవాలి, "ఎవడ్రా అది డౌన్‌లోడు?" అని ఓనరు లేచి వచ్చేదాకా. ఎంసెట్ ఫలితాల రోజున మాత్రం బ్రౌజింగు బంద్. హాల్ టికెట్టు నంబర్లు చీటీల మీద రాసిచ్చి గుమ్మం బయట నిలబడాలి, నంబరుకింత అని.

తెలుగు ఈ సన్నటి తీగలోంచి ఎలా దూరిందన్నది విడిగా చెప్పుకోవలసిన ముచ్చట. షెల్ ఖాతా తెర మీద ఇంగ్లీషు అక్షరాలే కనపడతాయి. అమెరికా విశ్వవిద్యాలయాల్లో ఉన్న తెలుగువాళ్లు తెలుగుకో న్యూస్‌గ్రూపు పెట్టుకుని ఆ అక్షరాల్లోనే పద్యాలతో సహా రాసుకున్నారు. రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆర్‌టీఎస్ పద్ధతి అందుకు ఆసరా. చిన్న టీ కొడితే త, పెద్ద టీ కొడితే ట. చిన్న ఎల్ ల, పెద్ద ఎల్ ళ. అలవాటయ్యాక చదివేవాడి కంటికి ఇంగ్లీషు అక్షరం కనపడేదే కాదట. 1998లో 'ఈమాట' పత్రిక వచ్చేనాటికి ఆ చదువరులు సిద్ధంగా ఉన్నారు. ఇక్కడేమో దినపత్రికలు తలా ఒక ఫాంటుతో సైట్లు తెరిచాయి. ఒక పేపరు ఫాంటు దింపుకుంటే ఇంకో పేపరు పిచ్చిగీతల్లా కనపడేది. వార్త కంటే ఫాంటుకే యూనిట్లు ఎక్కువ. ఒకే పొట్టి అక్షరమాలతో నడిచిన ఆర్‌టీఎస్ ఆ కాలానికి తగిన తెలుగు అని నేనిప్పటికీ అంటాను. లిపి పోయిందని బాధపడ్డవాళ్లతో పేచీ లేదు, బిల్లు కట్టింది వాళ్లూ నేనూ కూడా.

గొంతు విషయంలో ప్రభుత్వం గట్టిగానే పట్టుబట్టింది. ఇంటర్నెట్ మీద ఫోన్ మాటలు 2002 ఏప్రిల్ 1 దాకా ఇక్కడ చట్టవిరుద్ధం. 90ల చివర్లో అమెరికాకి ఐఎస్‌డీ చేస్తే నిమిషానికి అరవై రూపాయల పైమాటే, ఆ రాబడిని ఎవరు వదులుకుంటారు? నిషేధం తీసేసిన వేసవిలో మా పక్కింటి పిన్నిగారిని నేనే నెట్ సెంటర్‌కి తీసుకెళ్లాను. కొడుకు న్యూజెర్సీలో. ఓనరు ఆవిడ జడ చిక్కుకోకుండా హెడ్‌ఫోను పెట్టి, మైకు నోటి దగ్గరకు వంచాడు. మాట అవతలికి చేరి జవాబు వచ్చేసరికి రెండు మూడు సెకన్లు. ఆ ఖాళీలో ఆవిడ మళ్లీ "వినపడుతోందా నాన్నా?" అనడం, వాడి జవాబూ ఈవిడ ప్రశ్నా గుద్దుకోవడం. ఐఎస్‌డీ అలవాటు కొద్దీ ఆవిడ రెండు నిమిషాల్లో ఆరోగ్యం, డబ్బు, పెళ్లి సంబంధం మూడూ ముగించేసి, "ఉంటాను మరి, బిల్లవుతుంది" అని హెడ్‌ఫోను తీయబోయింది. ఎంతైందని అడిగింది.

"అరగంటకి పది రూపాయలండి. ఇంకా ఇరవై ఎనిమిది నిమిషాలుంది."

ఆవిడ ఓనరు వంక అనుమానంగా చూసి, హెడ్‌ఫోను మళ్లీ సర్దుకుని, "ఏం కూర వండుకున్నావురా?" అంది.